గొంతు గీరని నికోటిన్

(నల్లగొండలో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్దలకు ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు తేటగానే ఉండేవి, రుచిలో తేడా తెలిసేది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ మాత్రం ఏళ్ల తరబడి పళ్లను, ఎముకలను తినేసింది. నాలుకకు తెలియలేదు కాబట్టే అన్నేళ్లు తాగారు. వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్‌ది కూడా అదే దారి.

"ఆవిరే కదా సార్" అంటారు పిల్లలు. లోపల ఉండేది ఒక బ్యాటరీ, సన్నని తీగచుట్ట, దూది వత్తి, ఆ వత్తిని తడిపే ద్రవం. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్, మామిడి, పుదీనా లాంటి ఫ్లేవర్లు. పీల్చగానే తీగ వేడెక్కి ద్రవాన్ని సన్నని తుంపర చేస్తుంది. వత్తి ఎండినా, తీగ మరీ కాలినా ఆ గ్లిజరిన్ విరిగి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ అనే విష రసాయనాలు పుడతాయి. తీగలోని నికెల్, క్రోమియం కూడా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి.

అసలు చిక్కు గొంతు దగ్గర ఉంది. మామూలు నికోటిన్ ఎక్కువైతే గొంతు మండుతుంది, దగ్గొస్తుంది. ఆ మంటే పిల్లలకు కాపలా. ఇప్పటి వేప్‌లలో బెంజోయిక్ ఆమ్లం కలిపి నికోటిన్‌ను లవణంగా మారుస్తున్నారు. మంట తగ్గింది, మోతాదు పెరిగింది. డబ్బా మీద 5 శాతం అని ఉంటే మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు. 10 మిల్లీలీటర్ల వేప్‌లో 500 మిల్లీగ్రాములు. ఒక సిగరెట్ తాగితే ఒంటికి పట్టేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. పైగా సిగరెట్ కాలిపోతే ఆగుతాం. ఇది దుప్పట్లోనూ, బాత్రూంలోనూ నడుస్తూనే ఉంటుంది. మెదడు ఎదుగుదల 25 ఏళ్ల దాకా సాగుతుంది కాబట్టి ఈ వయసులో అలవాటు త్వరగా పాతుకుంటుంది. పొద్దున లేచిన అరగంటలోపే దానికోసం చెయ్యి వెతుకుతోందంటే పట్టు గట్టిదే.

అమెరికాలో వేప్ తాగేవారిలో 2019లో మొదలైన ఊపిరితిత్తుల జబ్బుతో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు లేదా చనిపోయారు, మరణాలు 68. ఎక్కువ కేసులకు గంజాయి ద్రవంలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌తో ముడి ఉందని తేలింది. అన్ని వేప్‌లకూ దాన్ని అంటగట్టడం న్యాయం కాదు. కానీ మన దేశంలో 2019 చట్టం వీటిని నిషేధించింది. దొంగచాటుగా వచ్చే సరుకులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు. ఆ చట్టంలో శిక్ష తయారీదారుకు, అమ్మేవారికి: మొదటిసారి ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి అమ్మా, అయ్యా, పిల్లవాడి బ్యాగులో పెన్‌డ్రైవ్ లాంటిది, పండ్ల వాసనది దొరికితే పోలీసుల పేరుతో బెదిరించకండి. "రోజులో మొదటిది ఎప్పుడు తాగుతున్నవ్ బిడ్డా" అని అడగండి.

మానినప్పుడు మొదటి 3 రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఎక్కువ. 2 నుంచి 4 వారాల్లో తగ్గుతాయి. ఒక్కో కోరిక కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగుతూ, నడుస్తూ గడపాలి. 18 ఏళ్లు నిండనివారికి నికోటిన్ గమ్ డాక్టర్ చెప్తేనే ఇవ్వాలి. మానడానికి ఫోన్‌లో సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800 11 2356, కాల్ ఉచితం.

ఇంట్లో పసిపిల్లలుంటే మరో మాట. ఆ ద్రవం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది. ఒలికితే వెంటనే సబ్బుతో, నీళ్లతో కడగండి. మింగితే వాంతి చేయించొద్దు. ఆ వేప్‌ను కూడా చేతబట్టుకొని ఆస్పత్రికి పరుగెత్తండి, లోపల ఎంత శాతం నికోటిన్ ఉందో డాక్టర్‌కు దాని మీదే కనబడొచ్చు.