కారు పోయినా కిస్తీ పోదు

అందరికీ నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు కుటుంబాల్లో కారు అప్పు లేని ఇల్లు అరుదు. అప్పు తీరకముందే ఆ కారును దొంగ ఎత్తుకుపోతే? ‘బీమా ఉంది కదా, బ్యాంకూ బీమావాళ్లూ చూసుకుంటారు’ అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎవరూ చూసుకోరు. అప్పు ఒప్పందం వేరు, బీమా ఒప్పందం వేరు. క్లెయిమ్ తేలేదాకా ఈఎంఐ కడుతూనే ఉండాలి. ఆపితే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరూ దెబ్బతింటుంది.

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి చోరీకి పైసా రాదు, వారి సంగతి ఇక్కడితో సరి. సమగ్ర పాలసీ ఉన్నవారికి వచ్చేది కొన్న ధర కాదు, ఐడీవీ. అంటే తరుగు పోగా మిగిలిన విలువ. రెండేళ్లు దాటి మూడేళ్లలోపు కారుకు తరుగు 30 శాతం. ఎక్స్‌షోరూం ధర 10 లక్షలైతే ఐడీవీ 7 లక్షలు. అసలు తిరకాసు బెంగళూరులోనే ఉంది. కర్ణాటక రోడ్డు పన్ను బరువెక్కువ. షోరూంవాళ్లు దాన్నీ అప్పులో కలిపేస్తారు, మనమూ సంతోషంగా సంతకం పెడతాం. ఐడీవీ లెక్కలో మాత్రం ఆ పన్ను ఉండదు. బాకీ ఇంకా ఎనిమిదిన్నర లక్షలు ఉందనుకోండి. ఆర్‌సీలో, పాలసీలో హైపోథికేషన్, అంటే కారు బ్యాంకుకు తాకట్టులో ఉందని రాసి ఉంటుంది కాబట్టి ఆ 7 లక్షలూ నేరుగా బ్యాంకుకే వెళ్తాయి. మిగతా లక్షన్నర, లేని కారుకు మీరు కట్టాలి. బాకీ ఐడీవీ కంటే తక్కువైతేనే మిగిలింది మీ చేతికొస్తుంది. ఈ గండం తప్పించేది రిటర్న్ టు ఇన్‌వాయిస్, అంటే తరుగు తీయకుండా బిల్లు ధర ఇప్పించే అదనపు కవరేజీ. సాధారణంగా కారు కొన్న మొదటి కొన్నేళ్లే దొరుకుతుంది. పెద్ద అప్పు చేసినవారు ప్రీమియం చూసి దాన్ని వద్దనడం నాకైతే పిసినారితనమే అనిపిస్తుంది.

కారు కనబడకపోతే ముందు 112కు ఫోను చేసి, వెంటనే ఎఫ్‌ఐఆర్ రాయించండి. అదే రోజు బీమా కంపెనీకీ బ్యాంకుకూ చెప్పండి. కంపెనీ రెండు తాళంచెవులూ అడుగుతుంది. రెండోది కారు కడిగే అబ్బాయి దగ్గరో, వాచ్‌మన్ గూటి మేకుకో ఉంటే అక్కడే అనుమానం మొదలవుతుంది. కారు దొరకలేదని పోలీసులు కోర్టుకిచ్చే నివేదికను ఇక్కడ సి రిపోర్టు అంటారు. అది రావడానికి నెలలు పట్టవచ్చు, స్టేషనుకు తిరగక తప్పదు. ఆర్‌సీ బదిలీ కాగితాల మీదా సంతకాలు తీసుకుంటారు. డబ్బిచ్చాక కారు దొరికితే అది కంపెనీదే.

ఎఫ్‌ఐఆర్ వెంటనే నమోదై ఉంటే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం తేల్చింది. అయినా కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అక్కడ న్యాయం జరగకపోతే జేపీ నగర్‌లో బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి కార్యాలయం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోగా వెళ్లాలి.

పాలసీ కాగితాలు వెంట తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రండి, ఐడీవీ ఎక్కడ రాసి ఉందో చూపిస్తాను.