ఆ రెండో కుర్చీ ఎందుకు ఖాళీ?

యాంకర్: నమస్కారం. లోక్‌సభ అనగానే సీట్లు, మెజారిటీ, విప్‌ల గురించే మాట్లాడుకుంటాం. ఇవాళ వాటి జోలికి పోవడం లేదు. 2019 నుంచి 2024 దాకా నడిచిన 17వ లోక్‌సభకు చివరి రోజు వరకూ డిప్యూటీ స్పీకర్ లేరు. లాయర్ గారూ, రాజ్యాంగం దీనికి ఒప్పుకుంటుందా?

న్యాయవాది: ఒప్పుకోదండీ. 93వ అధికరణ ప్రకారం సభ వీలైనంత త్వరగా ఇద్దరిని ఎన్నుకోవాలి. ఒకరు స్పీకర్, ఇంకొకరు డిప్యూటీ. ‘ఎన్నుకోవచ్చు’ అని లేదు, ‘ఎన్నుకోవాలి’ అనే ఉంది. కాకపోతే ఇన్ని రోజుల్లో అని గడువు రాయలేదు. ఆ సందులోంచే అయిదేళ్లు జారిపోయాయి.

మాజీ కార్యదర్శి: అసలు ముడి సభా నిబంధనల్లో ఉంది. స్పీకర్ ఎన్నిక తేదీని రాష్ట్రపతి ఖరారు చేస్తారు. డిప్యూటీ ఎన్నిక తేదీ పెట్టాల్సింది స్పీకరే. ఆయన పెట్టకపోతే అడిగే నాథుడు లేడు. నేను పనిచేసిన రోజుల్లో ‘వీలైనంత త్వరగా’ అని నోట్ రాశారంటే ఆ ఫైలు ఇప్పట్లో కదలదని మా గుమాస్తాలకు కూడా తెలుసు!

యాంకర్: (నవ్వుతూ) కోర్టుకెళ్లొచ్చు కదా సార్?

న్యాయవాది: వెళ్లారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికీ అయిదు రాష్ట్రాలకూ నోటీసులిచ్చింది. ఆ రాష్ట్రాల అసెంబ్లీల్లోనూ ఇదే ఖాళీ. అయినా 17వ సభ డిప్యూటీ లేకుండానే ముగిసింది.

యాంకర్: మేడమ్, చూసేవాళ్ల తరఫున అడుగుతున్నా. సభ ఆగలేదు, బిల్లులు ఆగలేదు. స్పీకర్ లేచి వెళ్తే, ఆయన ముందే ఎంచిపెట్టిన ప్యానెల్ స్పీకర్లు కూర్చున్నారు. ఇక నష్టమేంటి?

అధ్యాపకురాలు: స్పీకర్ ఉన్నన్నాళ్లూ ఏమీ కనపడదు. 2002 మార్చి 3 గుర్తుందా? కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి అప్పటి స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు పోయారు. అప్పుడు బడ్జెట్ సమావేశాలు నడుస్తున్నాయి. డిప్యూటీగా పి.ఎం. సయీద్ ఉన్నారు కాబట్టి, మేలో కొత్త స్పీకర్‌గా మనోహర్ జోషి వచ్చేదాకా సభను ఆయనే నడిపారు. స్పీకర్ పదవే ఖాళీ అయితే ప్యానెల్ వాళ్లకు ఆ అధికారం లేదు. డిప్యూటీ కూడా లేకపోతే 95వ అధికరణ కింద రాష్ట్రపతి ఒక సభ్యుణ్ని నియమించాలి. అంటే, సభ తాను ఎన్నుకోని మనిషి కింద నడుస్తుందన్నమాట.

మాజీ కార్యదర్శి: అంతకుముందూ జరిగింది. 1956లో స్పీకర్ మావలంకర్ పదవిలో ఉండగానే పోయారు. అప్పటి డిప్యూటీ మన తిరుపతి ఎంపీ అనంతశయనం అయ్యంగార్. తర్వాత స్పీకర్ అయ్యిందీ ఆయనే.

యాంకర్: డిప్యూటీ పదవి ప్రతిపక్షానికే ఇవ్వాలని రూల్ ఉందా?

అధ్యాపకురాలు: రూల్ లేదు, ఆనవాయితీ. 1998లో బీజేపీ ప్రభుత్వం వచ్చాక డిప్యూటీ అయిన సయీద్ కాంగ్రెస్ మనిషి. 2009లో కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగా బీజేపీకి చెందిన కరియా ముండా అయ్యారు. 2024 జూన్‌లో స్పీకర్ ఎన్నికకు పోటీ వచ్చింది కూడా దీనివల్లే. డిప్యూటీ మాకిస్తామంటే ఏకగ్రీవానికి సరేనంది ప్రతిపక్షం. హామీ రాలేదు. చివరికి ఓం బిర్లా మూజువాణి ఓటుతో గెలిచారు.

న్యాయవాది: ఆనవాయితీని పక్కన పెడదామండీ. అధికార పార్టీ తన మనిషినే పెట్టుకున్నా రాజ్యాంగం కాదనదు. పెట్టకపోవడాన్నే నేను తప్పంటాను. అందులో ఒక చిన్న తమాషా ఉంది, చెప్పమంటారా?

యాంకర్: చెప్పండి, ఒక్క నిమిషమే ఉంది.

న్యాయవాది: 94వ అధికరణ ప్రకారం స్పీకర్ రాజీనామా చేయాలంటే లేఖ రాయాల్సింది రాష్ట్రపతికి కాదు, ప్రధానికి కాదు, డిప్యూటీ స్పీకర్‌కి. ఆ అయిదేళ్లలో రాజీనామా చేయాల్సి వస్తే కవరు మీద ఎవరి పేరు రాసేవారు?

మాజీ కార్యదర్శి: మా ఆఫీసుకైతే అడ్రస్ సరిగా లేదని తిరుగుటపాలో వచ్చేసేది.