విశ్వాసం, పరిశోధన: తీర్పు ఎవరిది?

వ్యాఖ్యాత: నమస్కారం. మత విశ్వాసం శాస్త్ర పరిశోధనకు తోడ్పడిందా, అడ్డుపడిందా? ఈ ప్రశ్న వస్తే అందరం గెలీలియో దగ్గరే మొదలుపెడతాం. మేడం, మీరు చరిత్రకారిణి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

చరిత్రకారిణి: ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ దగ్గరండి. మతబోధకుడు కావాలని చదువుకున్న మనిషి ఆయన. దేవుడు విశ్వాన్ని గణితంతోనే నిర్మించాడని గట్టిగా నమ్మారు. అంగారకుడి కక్ష్యకు ఆయన వేసిన లెక్క ఆకాశాన్ని ఏళ్లపాటు కొలిచిన టైకో బ్రాహీ పరిశీలనలతో దాదాపు సరిపోయింది. తేడా 8 కోణీయ నిమిషాలు మాత్రమే, అంటే పౌర్ణమి చంద్రుడి వెడల్పులో పావు వంతు. మరొకరైతే వదిలేసేవారు. అంత నిశితమైన పరిశీలకుణ్ణి దేవుడే ఇచ్చాడు కనుక ఆ కానుకను కృతజ్ఞతతో వాడుకోవాలని కెప్లర్ రాశారు. వాడుకున్నారు కూడా. శతాబ్దాలుగా పరిపూర్ణమని ఎంచిన వృత్తాన్ని పక్కనపెట్టి, అంగారకుడి కక్ష్య దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించారు. నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

భౌతిక శాస్త్రవేత్త: తీర్పు చెప్పింది ఆ 8 నిమిషాలే కదా మేడం! ఆరు గ్రహాల దూరాలను ఐదు క్రమ ఘనాకృతులలో, అంటే ఘనంలా అన్ని ముఖాలూ ఒకేలా ఉండే ఆకృతులలో ఇమిడ్చి, దేవుడి ప్రణాళిక దొరికిందని 1596లో సంబరపడింది కూడా కెప్లరే. ఆ భక్తే అక్కడ దారి తప్పించింది.

చరిత్రకారిణి: ఒప్పుకుంటాను. అయితే ఆయనను ఏళ్ల తరబడి ఆ లెక్కల ముందు కూర్చోబెట్టింది కూడా ఆ భక్తేనండి.

వ్యాఖ్యాత: సార్, బిగ్ బ్యాంగ్ సిద్ధాంతానికి పునాది వేసిన లెమెయిత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదర్ కదా?

భౌతిక శాస్త్రవేత్త: అవును. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే రాశారు. విశ్వానికి ఆరంభం ఉందన్న ఆలోచన నాస్తికుడైన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్‌కు మింగుడుపడలేదు. అంటే అవిశ్వాసం కూడా కళ్లకు గంతలు కట్టగలదు. ఇక 1951లో పన్నెండవ పయస్ పోప్, ఆధునిక ఖగోళశాస్త్రం సృష్టికి సాక్ష్యమిస్తోందన్న ధోరణిలో ప్రసంగించారు. లెమెయిత్ర్ అందుకు పొంగిపోలేదు, ఇబ్బంది పడ్డారు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నలకు పూర్తిగా వెలుపల ఉంటుందని, దేవుణ్ణి కాదనే స్వేచ్ఛ భౌతికవాదికి అలాగే మిగులుతుందని 1958లో స్పష్టం చేశారు. ఒక ఫాదర్ ఆ మాట అనడానికి ఎంత నిజాయితీ కావాలి! చివరికి 1965లో ఆదిమ వికిరణం, అంటే విశ్వం తొలి దశ నుంచి మిగిలిన వికిరణం ఆనవాలు దొరికాకే ఎక్కువమంది ఆయన వైపు మొగ్గారు.

వ్యాఖ్యాత: గెలీలియోను మాత్రం తప్పించుకోలేం.

చరిత్రకారిణి: తప్పించుకోకూడదు కూడా. 1633లో ఆ వృద్ధుణ్ణి మోకరిల్లజేసి, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న మాట వెనక్కి తీసుకునేలా చేశారు. తప్పు జరిగిందని రెండవ జాన్ పాల్ పోప్ ఒప్పుకున్నది 1992లో. అయినా గెలీలియో చివరిదాకా విశ్వాసిగానే బతికారు. ఆయనను శిక్షించింది మతాధికారం.

భౌతిక శాస్త్రవేత్త: ఆ అధికారానికి బలం ఎక్కడిది? బైబిల్‌లో సూర్యుడు ఆగాడని ఉంది కనుక కదిలేది సూర్యుడే అన్నారు. విశ్వాసాన్ని అంత తేలిగ్గా నిర్దోషిగా వదిలిపెట్టలేను.

చరిత్రకారిణి: దానికి గెలీలియో 1615లోనే జవాబు రాశారు. స్వర్గానికి ఎలా చేరాలో చెప్పడమే గ్రంథం పని, ఆకాశం ఎలా తిరుగుతుందో చెప్పడం కాదని ఒక చర్చి పెద్ద అన్న మాటనే ఉదహరించారు.

భౌతిక శాస్త్రవేత్త: చర్చి విందా మరి? మరుసటి ఏడాదే, సవరణలు చేసేదాకా భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ పుస్తకాన్ని చదవకూడదని ఆజ్ఞ ఇచ్చారు.