పాపికొండల ముందు రాత్రి రాజమండ్రిలో: రూము బాగుంది, చెక్ అవుట్‌తోనే వచ్చింది తంటా!

నమస్కారమండి, అందరూ ఎలా ఉన్నారు? ఈ వీడియోలో మీకు హోటల్ పేరు వినపడదు, బోర్డు కనపడదు. ఎందుకో ముందే చెప్పేస్తాను. రాజమండ్రిలో ఒక హోటలు వాళ్ళు మెయిల్ పెట్టారు. గోదారి మీద బోటులో పాపికొండలు వెళ్ళేవాళ్ళు ముందురోజు రాత్రి మా దగ్గర దిగేలాగ ఒక వీడియో చెయ్యండి, ఒక రాత్రికి రెండు రూములు ఫ్రీగా ఇస్తాం అని. సరే అన్నాను. వెళ్ళాం, ఉన్నాం, తీశాం. పెట్టేముందు ఒకసారి చూపించమంటే చూపించాను. చెక్ అవుట్ గురించి మాట్లాడిన ముక్క తీసెయ్యమన్నారు. తియ్యనన్నాను. అయితే మా పేరు తీసెయ్యమన్నారు. అది తీసేశాను. కాబట్టి రూము అద్దె వాళ్ళది, భోజనం బిల్లు మాది, మాటలు నావి.

రూము ఎన్ని అడుగులు, టీవీ ఎంత సైజు, వైఫై ఉందా, ఇవన్నీ బుకింగ్ యాప్‌లో ఫొటోలతో సహా ఉన్నాయండి. పాపికొండల ప్యాకేజీ వివరాలు కూడా మీరు ఈపాటికే పది వీడియోల్లో చూసుంటారు. అవి మళ్ళీ చదవను. గబగబా రెండు ముక్కలు: పరుపు బాగుంది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు కుళాయి తిప్పగానే వచ్చాయి. కెటిల్ వైరు జానెడు. ప్లగ్గేమో మంచం తలవైపు. దాంతో టీ కాయాలంటే కెటిల్‌ని దిండు పక్కన పెట్టుకోవాలి. రివర్ వ్యూ అన్నారు. కిటికీలోంచి తొంగి చూస్తే ఎదుటి మేడ మీద నల్ల వాటర్ ట్యాంకు, దాని పక్కనించి చీర అంచు వెడల్పున గోదారి. మా ఆడపడుచు కూతురైతే కుర్చీ ఎక్కి మరీ చూసి, "అత్తా, వచ్చింది వచ్చింది, రైలు కనపడుతోంది" అని అరిచింది. ఆర్చి బ్రిడ్జి మీద వెళ్తున్న రైలు. ఆ మాత్రం కనపడినందుకు దానికి మార్కులు వేసేద్దాం.

రాత్రి భోజనానికి కింద రెస్టారెంటుకి వెళ్తే మెనూ కార్డులో మొదటి పేజీలోనే "పులస పులుసు". డిసెంబరులో అండి! నేను పుట్టి పెరిగింది కోనసీమలో. పులస అంటే ఏంటి? సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటాం. వానాకాలం గోదారికి ఎర్రనీళ్ళు తగిలాక, ఆ నీటికి ఎదురీదుకుంటూ పైకొచ్చిన చేపనే పులస అంటాం. జూలై, ఆగస్టు, ఆ తర్వాత కొన్నాళ్ళు, అంతే. పుస్తెలమ్మి అయినా తినాలన్న సామెత ఆ నాలుగు రోజుల చేప గురించే గానీ, ఫ్రిజ్జులోంచి తీసినదాని గురించి కాదు. మా అత్తగారు సర్వరబ్బాయిని పిలిచి, "నాయనా, ఈ పులస ఏ వరదకి ఎక్కిందమ్మా?" అనడిగారు. ఆ అబ్బాయి నవ్వేసి, "వద్దులెండి మామ్మగారూ, కోడి తినండి" అన్నాడు. నిజాయితీ గల కుర్రాడు. కోడికూర బాగుంది.

అసలు ఒకటి గమనించండి. పులస దొరికే రోజుల్లో పాపికొండల బోటు తిరగదు, బోటు తిరిగే రోజుల్లో పులస ఉండదు. ఆగస్టులో టికెట్టు కొనుక్కుని, హోటల్ బుక్ చేసుకుని, తర్వాత నాకు మెసేజ్ పెడుతుంటారు, బోట్లు ఆపేశారంట కదా అని. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గోదారి పాయల మధ్యనున్న మా లంకల్లో వాళ్ళు వానాకాలమంతా టీవీలో ఆ అంకె చూసే అన్నం తింటారు. హోటల్ బుక్ చేసుకునే ముందు మీరూ ఓసారి చూసుకోండి. వరద రోజుల్లో డబ్బు వాపసు రాని రూము తీసుకోకండి.

సరే, అసలు సంగతికొస్తాను. ఈ వీడియో మొత్తం నిజానికి దీనికోసమే.

పాపికొండలు వెళ్ళేవాడికి ముందురోజు రూము ఎందుకండి? పొద్దున్న బస్సు ఏడు లోపే ఎక్కించుకుంటుంది. మమ్మల్ని కోటిపల్లి బస్టాండు దగ్గర ఆరున్నరకి రమ్మన్నారు. అక్కణ్ణించి గండిపోచమ్మ గుడి దాకా రోడ్డు మీద వెళ్ళి, అక్కడ బోటెక్కాలి. పోలవరం దగ్గర ప్రాజెక్టు కట్టు అడ్డం కదా, అందుకని ఇప్పుడు బోట్లు దానికి ఎగువనుంచే బయల్దేరతాయి. తిరిగి రాజమండ్రిలో దిగేసరికి రాత్రి ఎనిమిది. అంటే హోటల్ వాళ్ళు గది ఖాళీ చెయ్యమనే టైముకి మీరు అక్కడ ఉండనే ఉండరు. ఈ హోటల్లో చెక్ ఇన్ మధ్యాహ్నం 2 గంటలకి, చెక్ అవుట్ మర్నాడు 11కి. ఒక రోజు అద్దె అంటే 21 గంటలన్నమాట. మిగతా మూడు గంటలు ఎక్కడికి పోయాయో అడక్కండి, దుప్పట్లు మార్చడానికంట. పోనీ ఆ 21లో మనం వాడుకునేది ఎంత? ఊరంతా తిరిగి మేం రూములోకెళ్ళింది రాత్రి తొమ్మిదికి. పొద్దున్న ఆరింటికి బయటపడ్డాం. టిఫిను ఫ్రీ అన్నారు, బఫే ఏడున్నరకి తెరుస్తారు. ఏడున్నరకి మేం బస్సులో ఉన్నాం. పైగా బోటు వాళ్ళ ప్యాకేజీలోనే టిఫినూ భోజనమూ ఉంటాయి. మీ రూము అద్దెలో కలిపేసిన ఆ ఇడ్లీ వడ ఎవరు తింటున్నారో మరి.

ఇదంతా ఒక ఎత్తు. రాత్రి తిరిగొచ్చాక చూడాలండి సినిమా.

సంచులు కింద లగేజీ రూములో పెట్టుకోనిచ్చారు. దానికి డబ్బులు తీసుకోలేదు, చీటీ కట్టి జాగ్రత్తగానే ఉంచారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఒళ్ళు సంగతేంటి? దారిలో బోటు ఆగే పేరంటపల్లిలో దిగాం, ఇసకలో నడిచాం, వాగు నీళ్ళలో పిల్లలు తడిశారు. మా అత్తగారి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఆరి, ఇసక పట్టి అట్టలు కట్టేశాయి. మేమంటే ఎలాగో ఇంటికి పోతాం. ఆడపడుచు వాళ్ళు ఆ రాత్రే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోవాలి. ఒక్క పావుగంట బాత్‌రూమ్ ఇవ్వండి బాబూ అంటే, రూలు ప్రకారం సగం అద్దె కట్టాలన్నాడు రిసెప్షన్ అబ్బాయి. మా అత్తగారు ముందుకొచ్చారు. "నాయనా, రాత్రి తొమ్మిదింటికి పడుకున్నాం, ఆరింటికి లేచి పోయాం. తొమ్మిది గంటలే కదా మేం వాడుకుంది? రోజంటే ఇరవైనాలుగు గంటలు, మిగతా పదిహేను గంటల అద్దె ఏమైనట్టు?" ఆ అబ్బాయి కంప్యూటర్లోకి చూస్తున్నాడు. కంప్యూటర్లో ఏముంటుంది పాపం.

చివరికి ఆడపడుచు వాళ్ళు ఏం చేశారో తెలుసా? పక్కన ఫంక్షన్ హాల్లో ఎవరిదో పెళ్ళి రిసెప్షన్ జరుగుతోంది. ఆ హాలు బాత్‌రూముల్లో మొహాలు కడుక్కుని బట్టలు మార్చుకున్నారు. మా అన్నయ్యగారు, అంటే ఆడపడుచు భర్త, లోపల్నించి బనీను మీద చొక్కా గుండీలు పెట్టుకుంటూ వస్తుంటే, గుమ్మంలో పెళ్ళివారు పన్నీరు చల్లి, "భోంచేసి వెళ్ళండి" అన్నారు. మనిషి సగం మెత్తబడ్డాడు కూడాను, రైలు టైమైపోతోందని లాక్కొచ్చాం.

ఇదే రాజమండ్రిలో పాత లాడ్జీలున్నాయండి, 24 గంటల చెక్ అవుట్ అని బోర్డు మీదే రాసుంటుంది. మీరు గదిలో అడుగుపెట్టిన టైమే లెక్క. రాత్రి ఎనిమిదిన్నరకి దిగితే మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరదాకా గది మీదే, తాళంచెవి మీ జేబులోనే. మెయిన్ రోడ్డు వైపు అలాంటి లాడ్జీలో ఇదివరకు దిగాను. ఫ్యాను కిర్రుకిర్రుమంటుంది, గోడమీద పాత క్యాలెండరు, అద్దంలో మొహం రెండుగా కనపడుతుంది. అయినా బోటు దిగొచ్చి బకెట్టు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుని పొడి బట్టలు కట్టుకున్నానండి. ఆ సుఖం ఈ మెత్తటి పరుపు ఇవ్వలేదు.

కానీ అక్కడో కిటుకుంది, వినండి. తొందరపడి మధ్యాహ్నం మూడింటికే లాడ్జీలో దిగారనుకోండి, మర్నాడు మూడింటికి మీరు బోటు మీద ఉంటారు, గది గడువు అయిపోతుంది. రెండో రోజు అద్దె పడుతుంది. అందుకని ముందురోజు ఊళ్ళోకి రాగానే గదికి వెళ్ళకండి. రైల్లో వచ్చినవాళ్ళయితే స్టేషన్ క్లోక్ రూములో సంచులు పెట్టెయ్యండి. సంచికి తాళం ఉండాలి, టికెట్టు చూపించాలి. చేతులు ఊపుకుంటూ ఊరు తిరిగి, రాత్రి ఎనిమిదిన్నరకి లాడ్జీలో దిగండి. రసీదు మీద టైము రాయించుకోండి. నోటితో చెప్పిన టైము పొద్దున్న డ్యూటీ మారే మనిషికి గుర్తుండదు.

ఊళ్ళో ఏం చూడాలంటారా? పగలుంటే ధవళేశ్వరం వెళ్ళండి, ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ పేరుతో మ్యూజియం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడాయన. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టినది, పేరు మాత్రం ఆయనదే. మర్నాడు బోటు మీంచి చూసే గోదారి ఇక్కడికొచ్చి ఎలా పాయలవుతుందో ముందే చూసుంటే బాగుంటుంది. ఊళ్ళో దామెర్ల రామారావు చిత్రశాల చిన్నదే, నాకిష్టం. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు, ఆ బొమ్మలు చూస్తే నమ్మలేరు. మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్ తాగండి, ఒక్కటి చాలదు. సాయంత్రం పుష్కర ఘాట్‌లో హారతి. మెట్ల మీద ముందు వరసలో కూర్చోవాలని తోసుకోకండి, కాస్త పక్కకి జరిగి కూర్చుంటే హారతీ కనపడుతుంది, బ్రిడ్జీలూ కనపడతాయి. 1900లో తెరిచిన హేవలాక్ బ్రిడ్జి మీద 1997 నుంచి రైళ్ళు లేవు. 1974 నాటి రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద పైన బస్సు, కింద రైలు ఒకేసారి వెళ్తుంటే పెద్దవాళ్ళు కూడా చూపిస్తారు చేతులెత్తి.

అంతా ముందురోజే చేసెయ్యండి. బోటు దిగొచ్చాక తిరుగుదాంలే అనుకుంటే, ఆ రాత్రి మీకు కాళ్ళుండవు. ఇంకోటి, హైదరాబాద్ వాళ్ళు రాత్రి రైలెక్కి తెల్లారగట్ల దిగి అటే బస్సెక్కేద్దాం, రూము ఖర్చు మిగులుద్ది అనుకుంటారు. రైలు గంట లేటైతే బస్సు ఆగదు, టికెట్టు డబ్బులూ గోదాట్లో కలిసినట్టే.

ఆధార్ కార్డు సంచిలో పెట్టి హోటల్లో వదిలెయ్యకండి. బోటెక్కేటప్పుడు మమ్మల్ని అడిగి పేర్లు రాసుకున్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఎంతమంది పోయారో మనకి తెలుసు. అందుకని లైఫ్ జాకెట్ ఉక్కగా ఉందని విప్పే పెద్దమనుషులని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా బోటులో ఒకాయన ఫొటో కోసమని విప్పాడు. మా అత్తగారు చూసిన చూపుకి మళ్ళీ తొడుక్కున్నాడు.

కోనసీమలో దిండి హౌస్‌బోటు మీద ఇదివరకు నేను పెట్టిన వీడియో కింద కొందరు అడిగారు, దానికి కూడా ముందురోజు ఎక్కడైనా దిగాలా అని. అక్కర్లేదండి. అక్కడ రాత్రి పడక బోటులోనే, తెల్లారగట్ల పరిగెత్తే పని లేదు. ఈ గొడవంతా పాపికొండలకే.

ఇక నా మాట. మీరు పాపికొండలు వెళ్ళకుండా, ఉత్తినే రాజమండ్రిలో రెండు రోజులు ఉండాలనుకుంటే ఈ హోటల్ మంచిదే, పెళ్ళికొచ్చినవాళ్ళకి ఇంకా మంచిది. పాపికొండలకని మాత్రం నేను డబ్బు పెట్టి దిగను, ఫ్రీగా ఇచ్చినా మళ్ళీ దిగను. వాళ్ళు ఒక్క పని చేస్తే మాట మార్చుకుంటాను: లగేజీ రూము పక్కనే రెండు స్నానాల గదులు కట్టి, తలకి వంద తీసుకోమనండి. సంతోషంగా ఇస్తాం. ఈ మాట వాళ్ళ మేనేజరు గారితో కూడా చెప్పాను, పైవాళ్ళతో మాట్లాడతానన్నారు.

ఈలోపు మీలో రాజమండ్రి వాళ్ళు ఒక సాయం చెయ్యండి. 24 గంటల చెక్ అవుట్ ఉండి, లిఫ్టు కూడా ఉన్న లాడ్జీ మీకు తెలిస్తే కామెంట్లో పెట్టండి. నేను దిగిన దాంట్లో గది మూడో అంతస్తు, మా అత్తగారు మెట్లెక్కలేరు. కార్తీకమాసంలో ఆవిడ చెల్లెళ్ళని కూడా తీసుకెళ్ళమని ఇప్పట్నించే అడుగుతున్నారు. ఉంటానండి మరి.