దూప మనది, మాట వాళ్లది

అందరికి నమస్తే. ఇంత ఎండల హన్మకొండ దాక వచ్చిండ్రు, మస్తు సంతోషం. పొద్దున నేను కాజీపేట స్టేషన్ల దిగిన, దూప ఆగుతలేదు, షాపు కాడికి పోయి నీళ్లు అడుగుదామనుకున్న, నోట్లకెల్లి వచ్చిందేమో ఒక కూల్‌డ్రింక్ పేరు. దూపకు నీళ్లు యాదికి రాకుండ ఆ పేరు ఎట్లొచ్చింది? ఇయ్యాల ఆ పేరును మన నోట్లకు తెచ్చిన యాడ్‌ల గురించే చెప్త.

2002-03ల ఆమిర్ ఖాన్‌తోని యాడ్‌లు వచ్చినయ్, "ఠండా మత్లబ్ కోకా కోలా" అని, రాసింది ప్రసూన్ జోషి. ఠండా అంటే హిందీ ఇండ్లల్ల చుట్టాలను అడిగే మాట, లస్సీ అయినా షర్బత్ అయినా అది ఠండానే. ఆ మాటకు వాళ్ల పేరు అతికిచ్చిండ్రు. మాది బాగుంటదని అనలే సూడుండ్రి, అర్థమే ఇది అన్నరు, బాగుందా లేదా అంటే వాదం పెట్టుకుంటం గని అర్థంతోని ఎవరు కొట్లాడుతరు? మనింట్ల చుట్టాలొస్తే సల్ల ఇచ్చేటోళ్లం. ఇప్పుడు పోరని చేతిల పైసలు పెట్టి "సల్లగ ఏమన్న తేపో" అంటే వాడు పెద్ద సీసనే తెస్తడు.

ఇగ హీరోల ముచ్చట. థమ్సప్ వచ్చింది 1977ల, కోకా కోలా దేశం ఇడిచిపోయిన ఏడు, 1993ల మళ్ల ఆ కోకా కోలానే దాన్ని కొనుక్కుంది. చిరంజీవి చేసిండు, తర్వాత మహేష్ బాబు చేసిండు. హీరో ఎత్తుమీదికెల్లి దుంకుతడు, సీస అందుకుంటడు, గటగట తాగుతడు. ఇది తాగితే ధైర్యమొస్తదని ఎక్కడన్న అన్నడా? అంటే మనం నమ్మం. దుంకుడు, సీస పక్కపక్కన పెట్టి నడుమ మాట మనకు ఇడిచిపెట్టిండ్రు. రెండువేల ఏండ్ల కిందనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ ఈ కిటుకు రాసిండు, వినేటోనికి తెలిసిన ముక్క నువ్వు చెప్పకు, వాడే కలుపుకుంటడు అని. మనం కలుపుకున్న మాటను మనం అనుమానించం, అసలు బలమంత అక్కడుంది.

మా అక్క కొడుకు ఆరో తరగతి. మొన్న పెండ్లిల సీస ఎత్తి తాగి, మూతి ముంజేతితోని తుడుసుకొని, పక్కకు ఓరగ సూసిండు. ఎవ్వరు నేర్పలే వానికి. నాకు మస్తు బాధైంది.

పుల్లెల గోపీచంద్ 2001ల ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ కప్పు గెలిచినంక కూల్‌డ్రింక్ యాడ్ అడిగితే వద్దన్నడు. ఆ యాడ్‌ల అమ్మేది ఆయన మీద పిల్లలకున్న నమ్మకాన్ని, అది ఇయ్యనన్నడు. ఆ కప్పు కంటె నాకు ఇదే పెద్దగ కనిపిస్తది.

టీవీల మందు యాడ్‌లు బందువెట్టినంక అవే పేర్లతోని సోడాలు, మ్యూజిక్ సీడీలు వచ్చినయ్. అవే రంగులు, అవే అక్షరాలు, దోస్తుల నవ్వులు. రాసేది సోడా అని, మనకు యాదికొచ్చేది మందు.

ఇగో ఈ సీస తిప్పి సూడుండ్రి. 100 ఎంఎల్‌కు చక్కెర 10 గ్రాములకు అటిటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదంటది, అంటే ఇసొంటి చిన్న సీస ఒక్కదానికే అయిపోయె. ఏ హీరో నోట్ల ఈ అంకె రాదు.

తమ్మీ, జర లైట్లు తీయి. మూడు యాడ్‌లు సౌండ్ లేకుండ ఏస్త, తాగేటప్పటి మొఖం ఎన్ని సెకన్లు సూపిచ్చిండ్రో లెక్కవెట్టి చెప్పుండ్రి.