కొత్త బండి గేరు "టక్"మంటోందా? గేరుబాక్సుని తిట్టే ముందు ఇది చూడండి

నమస్తే అండీ. ఈ వీడియో కొంచెం చిరాకుతోనే చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

శ్రీకాకుళంలో ఏ షోరూంలో కాసేపు కూర్చున్నా ఇదే తంతు. బండి కొనడానికి వచ్చినాయన సీటు మీద కూర్చుంటాడు, ఇంజన్ ఆఫ్‌లో ఉంటుంది, బండి స్టాండు మీద ఉంటుంది, గేరు రాడ్డు నొక్కుతాడు. ఒక గేరు పడుతుంది, రెండోది పడదు. ఇంకా గట్టిగా తొక్కుతాడు. పడదు. "ఏటి బాబూ, గేరు ఇంత హార్డుగా ఉందేటి?" అంటాడు. సేల్స్ కుర్రాడేమో "కొత్తది కదండీ, తిరిగితే ఫ్రీ అయిపోద్ది" అంటాడు. అడిగిన పద్ధతీ తప్పే, చెప్పిన సమాధానమూ సగం తప్పే. ఆ తర్వాత పక్కనున్న బావగారు ఒకాయన "గేరు పళ్ళు గట్టిగా ఉన్నాయిరా, అరిగితే సరిపోద్ది" అంటాడు చూడండి, అక్కడ నాకు బీపీ పెరుగుతుంది.

గేరు మార్చినప్పుడు గేరు పళ్ళు ఒకదాన్నొకటి విడిచిపెట్టవు. రోజువారీ పనులకి తిరిగే మన కమ్యూటర్ బైకులన్నిటిలోనూ ఉండేది కాన్‌స్టంట్ మెష్ గేరుబాక్సు. అంటే ఏ గేరు జత పళ్ళు ఆ జత పళ్ళలో ఎప్పుడూ కలిసే ఉంటాయి, మీరు న్యూట్రల్‌లో ఉన్నా, నాలుగులో ఉన్నా.

[ఇక్కడ రెండు షాఫ్టుల బొమ్మ]

రెండు షాఫ్టులు ఉంటాయి. పైది క్లచ్ ద్వారా ఇంజన్‌కి కలిసింది, కిందది ముందు స్ప్రాకెట్‌కి, చైన్‌కి, వెనక చక్రానికి కలిసింది. ప్రతి జతలోనూ ఒక గేరు షాఫ్టుకి బిగిసి ఉంటుంది, రెండోది షాఫ్టు మీద ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఆ ఊరికే తిరిగేదాని పక్కకి ఇంకో గేరు జరిగి వచ్చి, దాని పక్క గోడకి ఉన్న లావుపాటి దిమ్మల్లాంటివి ఇటువైపు ఖాళీల్లోకి దూరి లాక్ అవుతాయి. ఆ దిమ్మల్నే డాగ్స్ అంటారు. మీ కాలికి తగిలే "టక్" ఆ డాగ్స్‌దే. పళ్ళు అరిగితే సాఫీ అవడం అనేది లేదు. పళ్ళు అరిగితే బండి ఏడుస్తుంది, అంతే.

ఇది అర్థం కావాలంటే పల్లెవెలుగు బస్సుని ఊహించుకోండి. రన్నింగ్‌లో బస్సు ఎక్కడం మన జిల్లాలో ఎవరికీ నేర్పనక్కర్లేదు కదా (ఎక్కమని చెప్పట్లేదు, ఆమదాలవలస రోడ్డులో చూసిందే చెబుతున్నా). బస్సు ఎంత వేగంగా పోతోందో మీరూ అంతే వేగంగా పక్కన పరిగెడితే ఫుట్‌బోర్డు మీద కాలు మెత్తగా పడుతుంది. బస్సు స్పీడులో ఉంటే, మీరు నిలబడి రాడ్డు పట్టుకుంటే భుజం ఊడుతుంది. బస్సు ఆగి ఉంటే, మీరు పరిగెత్తుకుంటూ వస్తే బస్సు బాడీకి గుద్దుకుంటారు.

వెనక చక్రం వైపు గేరు బస్సు. ఇంజన్ వైపు గేరు పరిగెత్తే మనిషి. గేరు పడడమంటే మనిషి బస్సెక్కడం. రెండింటి వేగం దగ్గరైతే స్మూత్, దూరమైతే టక్. దీన్ని పట్టుకుంటే మిగతావన్నీ మీకే తెలిసిపోతాయి.

మరి క్లచ్ ఏం చేస్తుంది? ఆ మనిషి నెత్తి మీద ఇంజన్ అనే బియ్యం బస్తా ఉందనుకోండి. బస్తాతో పరిగెడుతూ బస్సెక్కడం కుదరదు. క్లచ్ పట్టడమంటే బస్తా దించడం. మనిషి తేలికైపోయాడు, కాస్త వేగం తేడా ఉన్నా బస్సు వాణ్ణి లాగేసుకుంటుంది. ఎక్కాక క్లచ్ వదిలితే బస్తా మళ్ళీ లోపలికి వస్తుంది.

ఇప్పుడు షోరూం గొడవ చూద్దాం. ఇంజన్ ఆఫ్, చక్రం ఆగి ఉంది. బస్సూ ఆగింది, మనిషీ ఆగాడు, వేగం తేడా లేదు, అయినా ఎందుకు ఎక్కలేకపోతున్నాడు? తలుపు ఎదురుగా లేదు కాబట్టి. కిటికీ దగ్గర నిలబడి లోపలికి దూరతానంటే ఎలా? డాగ్‌కి ఎదురుగా డాగే ఉంది, ఖాళీ లేదు. బండిని ఒక అడుగు ముందుకో వెనక్కో కదిపితే, లేదా వెనక చక్రం చేత్తో తిప్పుతూ నొక్కితే టపీమని పడుతుంది. కాబట్టి ఇంజన్ ఆఫ్‌లో గేర్లు తొక్కి బండి మంచిదో కాదో తేల్చేవాళ్ళకి నా దండం.

సిగ్నల్ దగ్గర మూడో గేరులో ఆగిపోయి కిందకి రాలేకపోవడమూ ఇదే. ఆగిన బండిలో తలుపు ఎదురుగా రాదు. క్లచ్ ఒక్క వెంట్రుకవాసి వదిలి మళ్ళీ పట్టండి, షాఫ్టు కాస్త తిరుగుతుంది, పడుతుంది. కాలితో యుద్ధం చేయొద్దు.

తర్వాత పొద్దున్నే మొదటి గేరు. ఇది అందరి ఫిర్యాదు. రాత్రంతా ఆగిన బండి, స్టార్ట్ చేశాం, క్లచ్ పట్టాం, ఫస్ట్ వేశాం, "ఠక్"మని బండి ముందుకి ఉలిక్కిపడింది. బస్సు ఆగి ఉంది. మనిషి మాత్రం ఇంజన్‌తో పాటు పరిగెడుతూనే ఉన్నాడు, న్యూట్రల్‌లో పై షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది మరి. మీరు క్లచ్ పట్టి అదే క్షణంలో నొక్కారు. వాడు పోయి బస్సుకి గుద్దుకున్నాడు. క్లచ్ పట్టాక ఒకటి రెండు సెకన్లు ఆగండి, వాడు నెమ్మదిస్తాడు, అప్పుడు వేయండి.

అయినా కొంత టక్ ఉంటుంది. ఎందుకంటే మన బళ్ళలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, ప్లేట్ల మధ్య అంటుకుని ఉంటుంది. బస్తా దించేశాం గానీ దాని తాడు ఇంకా భుజానికి తగులుకునే ఉంది, అది మనిషిని లాగుతూనే ఉంటుంది. దీన్ని క్లచ్ డ్రాగ్ అంటారు. మనకేమీ కశ్మీరు చలి లేదు గానీ డిసెంబరు, జనవరి పొద్దుల్లో తేడా తెలుస్తుంది. స్టార్ట్ చేసే ముందు గేరులో పెట్టి, క్లచ్ పూర్తిగా పట్టి, బండిని రెండడుగులు ముందుకీ వెనక్కీ నెట్టండి. ప్లేట్లు విడిపోతాయి. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు కొత్త బళ్ళలో అసలు దోషి. క్లచ్ వైరు. నా లెక్కలో సగం గేరుబాక్సు ఫిర్యాదులు నిజానికి వైరు ఫిర్యాదులే. కొత్త వైరు మొదట్లో కాస్త సాగి కుదురుకుంటుంది, ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలెట్టేలోపు లివరు ఊరికే కదిలే దూరం, పెరుగుతుంది, మీరు లివరు పూర్తిగా పట్టినా లోపల ప్లేట్లు పూర్తిగా విడిపోవు. బస్తా సగమే దిగింది. లివరు చివర దగ్గర కొలిస్తే ఫ్రీ ప్లే చాలా బళ్ళకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఎక్కువైతే గేరు హార్డు, న్యూట్రల్ పడదు. అసలు లేకపోతే క్లచ్ జారుతుంది, ప్లేట్లు కాలిపోతాయి, ఇంజన్ అరుస్తుంది గానీ బండి పోదు. "గట్టిగా బిగించెయ్యి" అనే మెకానిక్ సలహా వినకండి.

[లివరు దగ్గర క్లోజప్, స్కేలుతో]

న్యూట్రల్ గురించి ఒక మాట. చాలామంది స్ప్లెండర్ లాంటి నాలుగు గేర్ల బండి నుంచి ఐదు గేర్ల 125 సీసీ బండికి మారుతున్నారు. మారగానే "పాతదే నయం, దీనికి న్యూట్రల్ దొరకదు" అంటారు. పాతదానిలో అన్ని గేర్లూ కిందకే, న్యూట్రల్ ఒక చివర ఉంటుంది, వెనక్కి తొక్కుకుంటూ పోతే అక్కడే ఆగుతుంది. ఇప్పటి ఐదు గేర్ల బళ్ళలో ఎక్కువ వాటికి ఫస్ట్ కిందకి, మిగతా నాలుగు పైకి. న్యూట్రల్ ఫస్టుకీ సెకండుకీ మధ్యలో సగం అడుగు. కాలు కాస్త ఎక్కువ కదిలితే దాటిపోతుంది. ఇది బండి నాణ్యత తేడా కాదు, అమరిక తేడా. పైగా ఆగిన బండిలో క్లచ్ డ్రాగ్ ఉంటే డాగ్స్ మీద ఒత్తిడి ఉంటుంది. బస్సు దిగుదామంటే వెనక జనం తోస్తున్నట్టు, కాలు ఊడదు. కాబట్టి ఏడు రోడ్ల జంక్షన్‌లో పూర్తిగా ఆగాక వెతకొద్దు, బండి ఇంకా మెల్లగా దొర్లుతున్నప్పుడే న్యూట్రల్ చేసేయండి.

రన్నింగ్‌లో గేరు పెంచడం. సెకండులో ఇంజన్ 5000 ఆర్పీఎం, అంటే నిమిషానికి 5000 చుట్లు, తిరుగుతోందనుకుందాం. థర్డ్‌కి వెళ్ళాలంటే అదే బండి వేగానికి ఇంజన్ 4000 దగ్గరకి రావాలి, ఉదాహరణకి చెబుతున్నా. అంటే మనిషి కొంచెం నెమ్మదించాలి. ఎక్సలేటర్ మూసి, క్లచ్ పట్టి, గేరు వేసి, వదలాలి. మనవాళ్ళు ఎక్సలేటర్ సగం తెరిచి ఉంచి క్లచ్ పడతారు, ఇంజన్ ఇంకా పైకి ఎగురుతుంది, వదలగానే బండి కుదుపు, వెనక కూర్చున్న ఆవిడ హెల్మెట్ వచ్చి మీ హెల్మెట్‌కి తగులుతుంది. తగ్గించేటప్పుడు దీనికి రివర్స్, ఇంజన్ వేగం పెరగాలి, కాబట్టి క్లచ్ వదిలేముందు చిన్నగా ఒక్కసారి ఎక్సలేటర్ ఇవ్వండి. క్లచ్ లేకుండా గేర్లు వేసి చూపించే కుర్రాళ్ళ రీల్స్ వస్తున్నాయి, బాగానే పడతాయి, పడనిరోజు డాగ్స్ మూలలు గుండ్రంగా అరుగుతాయి, ఆ బిల్లు వాళ్ళు కట్టరు.

ఇక "గేరు స్మూతే గానీ పికప్ లేదు" అనేది. ఈ రెండూ వేరు వేరు విషయాలండీ, కలిపేయకండి. 100 సీసీ బండి తీసుకోండి. స్ప్లెండర్ 97.2 సీసీ, సుమారు 8 హార్స్‌పవర్, అదీ 8000 ఆర్పీఎం దగ్గర. లాగే బలం, అంటే టార్క్, సుమారు 8 న్యూటన్ మీటర్లు, 6000 దగ్గర. మీరేమో మైలేజ్ అనుకుంటూ ఫోర్త్‌లో 25 స్పీడులో పోతారు. అప్పుడు ఇంజన్ రెండు వేల పైచిలుకు మాత్రమే తిరుగుతూ ఉంటుంది. నాగావళి వంతెన ఎక్కేటప్పుడు డబుల్స్‌లో, ముందు ఒక మూటతో ఎక్సలేటర్ తిప్పితే అది డబడబలాడక ఏం చేస్తుంది? నాలుగు గేర్ల బండిలో ఫోర్త్‌తో పోలిస్తే ఫస్టులో చక్రానికి చేరే బలం మూడు రెట్ల దాకా ఉంటుంది. ఆ బలం వాడుకోవడానికే గేర్లు ఇచ్చారు. ఒక గేరు తగ్గించండి. తక్కువ ఆర్పీఎంలో బలవంతంగా లాగిస్తే మైలేజ్ కూడా మిగలదు, ఇంజన్ కొట్టుకుంటుంది.

అరసవల్లి రథసప్తమి రద్దీలో మాత్రం ఫస్టులో హాఫ్ క్లచ్ తప్పదు. అదే అలవాటుగా ఎచ్చెర్ల హైవే మీద కూడా రెండు వేళ్ళు క్లచ్ మీద, కాలు గేరు రాడ్డు మీద వేసుకుని పోతే, ప్లేట్లు ఒకపక్క, లోపల గేరుని జరిపే ఫోర్కు ఒకపక్క అరుగుతాయి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

ఆయిల్. మాన్యువల్‌లో ఆయిల్ చిక్కదనం గ్రేడు 10డబ్ల్యూ30 అని ఉంటే అదే పోయండి. "చిక్కటిది పోస్తే సౌండు తగ్గుద్ది" అని 20డబ్ల్యూ50 పోస్తే పొద్దుటి టక్ ఇంకా పెరుగుతుంది, తాడు కథ గుర్తుందిగా. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి సరిపోతుందని చెప్పే గుర్తు అది. కారు ఆయిల్ వద్దు, కొన్నిటిలో జారుడు పెంచే మందులుంటాయి, క్లచ్ జారుతుంది. షాపులో అంటగట్టే "గేర్ స్మూత్" సీసాల సంగతీ అంతే. ఆయిల్ మార్చే గడువు దగ్గర పడ్డాక గేర్లు గరుకుగా అనిపించడం మామూలే, గేర్ల మధ్య నలిగి నలిగి ఆయిల్ పల్చబడుతుంది.

మొదటి సర్వీసు ఎగ్గొట్టొద్దు. కంపెనీని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కొత్త భాగాలు ఒరుసుకుని రాలిన సన్నటి లోహపు పొడి ఆ ఆయిల్‌లో ఉంటుంది, అది బయటకి పోవాలి. "ఫ్రీ అయిపోద్ది" అన్న సేల్స్ కుర్రాడి మాటలో నిజమైన సగం ఇదే, డాగ్స్, ఫోర్కులు, ఆ ఫోర్కుల్ని కదిపే డ్రమ్ము మీది గాడులు అన్నీ కాస్త నునుపెక్కుతాయి.

చైన్. వదులైతే ఎక్సలేటర్ ఇచ్చినప్పుడల్లా కొట్టుకుంటుంది, ఆ దెబ్బని గేరుబాక్సు సౌండు అనుకుంటారు. చాలా కమ్యూటర్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట (పైకీ కిందకీ కదలిక) ఉండాలి, మీది చూసుకోండి. మరీ బిగించినా గేరు బరువుగానే ఉంటుంది.

ఇంతా చేశాక కూడా, ఇంజన్ వేడెక్కాక, ఫ్రీ ప్లే సరిగ్గా ఉండగా, గేరు దానంతట అదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంటే, లేదా ఒకే గేరు దగ్గర పదే పదే పడీ పడనట్టు మధ్యలో ఆగిపోతుంటే, అది మీ కాలి తప్పు కాదు, లోపల తేడా ఉంది. ఊరికే నోటితో చెప్పి రాకండి. ఏ గేరు నుంచి ఏ గేరుకి, వేడి మీదా చల్లగానా, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మొదలైంది, ఇవన్నీ జాబ్ కార్డులో రాయించి, సర్వీసు కుర్రాణ్ణి బండి మీద కూర్చోబెట్టి ఒక రౌండు తిప్పించి, ఆ కార్డు కాపీ తీసుకునే బయటికి రండి. వారంటీ ఉన్నప్పుడే ఈ పని అవ్వాలి.