గింజ ముందా, పొట్టు ముందా

(గుంటూరులో జాతీయ విజ్ఞాన దినోత్సవ సభలో ఒక విశ్రాంత సైన్సు మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ముందు నేల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు అందుకే సరిపోతాయి. పెద్దలు మన్నించాలి.

1928లో ఫిబ్రవరి 28నే రామన్ గారు కాంతి గురించిన తన గొప్ప విషయాన్ని కనుక్కున్నారు. అందుకే ఈ రోజు ఈ సభ. నాకిచ్చిన అంశం గురుత్వాకర్షణ, గాలి నిరోధం. నిన్న రాత్రి కూర్చుని మూడు భాగాలుగా రాసుకున్నాను. మొదటి భాగంలో గెలీలియో ఉన్నాడు. ఆయన దగ్గరికి తర్వాత వెళ్దాం. ముందు తెనాలి దగ్గర మా ఊరి కళ్ళానికి రండి.

1969. నేను ఎనిమిదో తరగతి. సంక్రాంతి ముందు కుప్పలు నూర్చే రోజులు. నాన్న ఎత్తు పీట మీద నిలబడి, చేట నిండా ధాన్యం తీసుకుని, నెమ్మదిగా కిందికి జారవిడిచేవారు. గట్టి గింజలు ఆయన కాళ్ళ దగ్గర రాశి పడేవి. తాలు కాస్త అవతల పడేది. పొట్టు ఇంకా దూరం పోయేది. ధూళి మా అమ్మ కళ్ళలో పడేది. తూర్పారబట్టడం అంటే ఇదే పిల్లలూ. ఇప్పుడు మిషన్లు వచ్చాయి కాబట్టి మీలో చాలామంది చూసి ఉండరు. ఇంటికెళ్ళి తాతయ్యనో నాయనమ్మనో అడగండి, చెబుతారు.

సెలవులయ్యాక బడిలో మా మాస్టారు అడిగారు: "బరువైనదీ తేలికైనదీ ఒకే ఎత్తు నుంచి వదిలితే ఏది ముందు పడుతుంది?" నేను ఠక్కున లేచి, "బరువైనదే సార్, మా కళ్ళంలో చూశాను" అన్నాను. "రెండూ ఒకేసారి పడతాయి, పుస్తకంలో ఉంది" అన్నారు. "లేదు సార్, నేను చూశాను" అన్నాను. అంతే, బెంచీ ఎక్కించారు. పీరియడ్ అయ్యేదాకా నిలబడ్డాను. నవ్వుతున్న నలభై మందినీ పైనుంచి చూశాను. ఆ పరీక్షలో ఆ ప్రశ్నకు పుస్తకంలో ఉన్నదే రాశాను. రెండు మార్కులకు రెండూ వచ్చాయి. కళ్ళతో చూసినది అబద్ధం, రాసినది నిజం అని ఆ రోజు నేర్చుకున్నాను. ఆ పాఠం వదిలించుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఆ మాస్టారు చెడ్డవారు కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలి. మా అందరికీ లెక్కలు వచ్చాయంటే ఆయన చలవే. ఆయన చెప్పిన మాటా తప్పు కాదు. అందులో ఒక్క ముక్క లేదు, అంతే. ఆ ముక్క ఆ సాయంత్రమే మా నాన్న నోట వచ్చింది. జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "గాలి లేని రోజు మనం ఎగరబోయం గదరా. పోస్తే అంతా ఒకే కుప్పలో పడుద్ది" అన్నారు. నాన్న చదివింది మూడో తరగతి.

చూడండి, ఆ మాటలోనే పాఠమంతా ఉంది. గింజనూ పొట్టునూ వేరు చేస్తున్నది భూమి కాదు, గాలి. నాన్న అన్నది వీచే గాలి. వీచకపోయినా పడేదానికి గాలి అడ్డు ఉంటుంది, మాస్టారి మాటలో లేని ముక్క అదే.

ఇక్కడ పెద్ద పిల్లలకు అనుమానం రావాలి. బరువైనదాన్ని భూమి ఎక్కువ బలంతో లాగుతుంది కదా, మరి గాలి లేకపోతే మాత్రం రెండూ ఒకేసారి ఎలా పడతాయి? నిజమే, ఎక్కువ బలంతోనే లాగుతుంది. కానీ బరువైనదాన్ని కదిలించడానికి కావలసిన బలం కూడా ఎక్కువే. పది బస్తాల బండికి రెండు ఎడ్లు కడితే, ఇరవై బస్తాలకు నాలుగు ఎడ్లు కట్టారనుకోండి. రెండు బండ్లూ కలిసే నడుస్తాయి. భూమి కూడా అలాగే, ఎంత సరుకుకు అన్ని ఎడ్లు కట్టి లాగుతుంది. అందుకే గాలి సంగతి పక్కన పెడితే, పడే ప్రతి వస్తువు వేగమూ ఒక్కో సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. గుండైనా అంతే, గింజైనా అంతే.

గాలి అలా కాదు. దానికి మీ లోపల ఎంత సరుకుందో పట్టదు. ఎంత వెడల్పుగా, ఏ ఆకారంలో ఉన్నారు, ఎంత వేగంగా వస్తున్నారు, ఇవే చూస్తుంది. వేగం రెట్టింపైతే అడ్డు మామూలుగా నాలుగు రెట్లవుతుంది. పొట్టుకు వెడల్పు ఉంది, బరువు లేదు. కాబట్టి అడుగు దూరం పడేలోపే గాలి అడ్డు దాని బరువుకు సమానమైపోతుంది. ఇక వేగం పెరగదు. దాన్నే చరమవేగం అంటాం. ఇంటర్ పిల్లలకు ఈ మాట తెలుసు. తెలియనివాళ్ళు కంగారు పడకండి, మాట కన్నా విషయం ముఖ్యం.

రెండో భాగంలో వాన గురించి రాసుకున్నాను. మిర్చి ఎండబెట్టిన రైతుకు మబ్బు కనిపిస్తే ఎంత టెన్షనో గుంటూరులో నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక్క లెక్క వినండి. రెండు కిలోమీటర్ల ఎత్తు నుంచి చినుకు పడుతోంది, మధ్యలో గాలే లేదు అనుకుంటే, నేలకు చేరేసరికి దాని వేగం గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. మన నెత్తి మీద పడేది వాన కాదు, తూటాలు. గాలి ఉంది కాబట్టి పెద్ద చినుకు కూడా సెకనుకు 9 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. మొక్క విరగడం లేదంటే, మనం వానలో తడుస్తూ ఇంటికి రాగలుగుతున్నామంటే గాలి పుణ్యమే. 2012 అక్టోబర్ 14న ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ అనే ఆస్ట్రియా సాహసి బెలూన్‌లో పైకి వెళ్ళి, సుమారు 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకాడు. పైన గాలి పలచన కాబట్టి వేగం గంటకు 1,350 కిలోమీటర్లు దాటింది, ధ్వనిని మించిపోయింది. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడి, ఇంకా పారాచూట్ విప్పకముందే వేగం తగ్గింది. పడుతూ ఉండగానే నెమ్మదించాడు!

సరే, గెలీలియో. పీసా వాలు గోపురం మీద నుంచి గుండ్లు వదిలాడని అందరూ చెబుతారు. ఆ కథ ఆయన శిష్యుడు తర్వాత రాసినది, జరిగిందో లేదో పండితులకే అనుమానం. నాకు దానికన్నా 1638లో అచ్చయిన ఆయన పుస్తకంలోని ఒక చిన్న విషయం ఎక్కువ ఇష్టం. పెద్ద గుండూ చిన్న గుండూ ఎత్తు నుంచి వదిలితే పెద్దది రెండు వేళ్ళ వెడల్పు ముందు పడుతుందని అందులో దాచకుండా ఒప్పుకున్నాడు. బరువు ఎన్ని రెట్లయితే అన్ని రెట్ల వేగంతో పడుతుందని అరిస్టాటిల్ చెప్పిన అంత పెద్ద తేడాను వదిలేసి నా రెండు వేళ్ళ తేడాను పట్టుకోకండి అన్నాడు. తల్లిదండ్రులు, టీచర్లు దయచేసి ఇది వినండి. "రెండూ ఒకేసారి" అన్న ఆ మహానుభావుడే కంటికి కనపడిన తేడాను కొట్టివేయలేదు. మనం ఎందుకు కొట్టివేస్తున్నాం? పిల్లవాడు "నేను చూశాను" అంటే బెంచీ ఎందుకు ఎక్కిస్తున్నాం?

1971 ఆగస్టు 2న చంద్రుడి మీద అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని వదిలాడు. అక్కడ గాలి లేదు. రెండూ కలిసి పడ్డాయి. అప్పుడు నేను పదో తరగతి. మా బడిలో ఎవరూ చెప్పలేదు. ఆ వీడియో చూసేటప్పటికి నాకు నలభై దాటాయి.

మూడో భాగం ఇక చదవను. దాని బదులు ఒక బీరువా గురించి చెబుతాను.

నేను మాస్టారునయ్యాక పనిచేసిన ఒక బడిలో సైన్సు బీరువా ఉండేది. దానికి తాళం. లోపల ఒక పొడుగాటి గాజు గొట్టం, అందులో ఒక నాణెం, ఒక ఈక. గాలి తీసేసి తిరగేస్తే రెండూ కలిసి పడాలి. గొట్టం పగిలితే జీతంలో కోస్తారని, ఏళ్ళ తరబడి దాన్ని బయటికి తీసినవాళ్ళు లేరు. అద్దంలోంచి చూపించేవాళ్ళం. పిల్లలు "ఏం చేస్తుంది సార్?" అనేవారు. ఏం చేస్తుందో నోటితో చెప్పేవాళ్ళం. అలా చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆరేళ్ళు. మా మాస్టారి మీద నాకున్న కోపం, ఆ ఆరేళ్ళకు నా మీద కూడా ఉంది.

ఏడో ఏడు సంతకం పెట్టి తీసుకున్నాను. పంపు తోలు ఎండి పగిలిపోయింది. తెనాలిలో ఒక సైకిల్ షాపతను పాత గాలి పంపు తీసుకుని, లోపలి తోలు వాషర్ తిరగేసి, మూతి దగ్గర వాల్వు మార్చి ఇచ్చాడు. గాలి కొట్టే పంపు గాలి లాగే పంపయింది. డబ్బులిస్తే తీసుకోలేదు, పడేటప్పుడు పిలవండి సార్ అన్నాడు. పిలిచాను, షాపు కట్టేసి వచ్చాడు. ముగ్గురు పిల్లలు పది నిమిషాలు లాగారు. తిరగేశాను. నాణెం పడింది, ఈక దాని వెనకాలే వచ్చింది. కలిసి కాదు, ఒక బెత్తెడు వెనక. ఒక పిల్ల లేచి, "సార్, ఇంకా కొంచెం గాలి మిగిలింది" అంది. ఆ పిల్లను ఏ బెంచీ ఎక్కించమంటారు?

మీ బడి బీరువాకు తాళం ఉందా? రేపు సోమవారం వెళ్ళి చూడండి. తాళం ఉంటే తీయించండి. పగిలితే పగలనివ్వండి. గొట్టం మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఆ బడి వాళ్ళను అడిగి ఆ గొట్టాన్ని ఈ రోజు తెచ్చాను, బల్ల మీద ఉంది. నాణెం, ఈక తీసేసి, మా ఊరి కళ్ళం నుంచి ఒక గట్టి గింజా, కాస్త పొట్టూ వేశాను. పంపు లాగడానికి ముగ్గురు రండి. నువ్వు రామ్మా, నువ్వు కూడా. ఫ్యాన్లు ఆపక్కర్లేదు, ఆ గాలి ఇందులోకి రాదు. ముందు పంపు ముట్టుకోకుండా, గాలితోనే ఒకసారి తిప్పుదాం. ఏది ముందు పడిందో నన్ను చూడకుండా, గొట్టం వైపు చూసి చెప్పండి.